సుక్క మేత

ఆదోని,
14-10-1983.

తమ్ముడు ఉరుకుందుకు అక్క తిప్పమ్మ దీవించి రాసేది.

ఈడ మేము బాగుండాము. నువ్వు ఎమ్మిగనూరులో ప్రెస్సు పనికి సేరి మూడు నెలలాయె. ఒక్క కార్డు ముక్క లేదు. ఊరందరి పెండ్లి పత్రికలకూ అచ్చరాలు పేర్చేటోనికి అక్కకు రాసేకి నాలుగు అచ్చరాలు దొరకలేదా?

మీ బావ కొత్త గుర్రాన్ని తెచ్చినాడు. ముసలిది జట్కా గుంజలేకపోతాండెనని నీకు తెలుసు గదా. ఇది ఆడగుర్రం. బెంగుళూరు రేసుల్లో పరిగెత్తినదంట. ఇంక పనికిరాదని ఆడ తీసేస్తాంటే, పత్తిమిల్లు రంగనాయకులు శెట్టి లారీలో ఎక్కించి తెప్పించి మీ బావ చేతిలో పెట్టినాడు. ఎర్రది. నుదుట రూపాయంత తెల్లమచ్చ. భుజం మీద అంకెలు కాల్చినారు, పాపం. పేరేదో ఇంగ్లీషులో ఉందంట, ఎవరికీ నోరు తిరగలేదు. నేను సుక్క అని పిలుస్తాండా. పలుకుతాది.

నిన్న దాన్ని మొదటిసారి టేషనుకు తోలకపోయినాడు. మంత్రాలయం బస్సు పట్టుకోవాల్నని ఒక అరవామె, ఆమె మొగుడు ఎక్కినారు. అంతలో రైలొస్తాదని గంట కొట్టినారు. అంతే! ఇది బస్టాండు దాటి, తేరుబజారు దాటి, ఆస్పరి రోడ్డు పట్టింది. అరవామె గోవిందా గోవిందా అని ఒకటే అరుపు. మీ బావ ఇంటికొచ్చి కడుపు పట్టుకోని నవ్వినాడు. "గంట కొడితే పరిగెత్తాల్నని తెలుసు దీనికి. యాడికో తెలీదు" అన్నాడు.

నాకు నవ్వు రాలేదురా. గంటసేపు దాని తోలు వణుకుతానే ఉండె. ముందర ఎడమకాలి నరం బొటనేలంత లావుంది. ముట్టుకుంటే కాలుతాది.

మీ అక్క,
తిప్పమ్మ.

*

ఎమ్మిగనూరు,
22-10-1983.

అక్కకు నమస్కారం.

నీ జాబు చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. మా యజమాని శ్రీపాదరావుగారి బీరువా వెనక నాకో కరపత్రాల కట్ట దొరికింది. మద్రాసులో ఎవరో అచ్చు వేయించినవి. మూగజీవాల మీద మనుషులు చేసే దౌర్జన్యం గురించి పదహారు పేజీలు. నాకిప్పుడు కంఠతా వచ్చు. రేసుగుర్రాన్ని రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే, ఎముక ముదరకముందే పరిగెత్తిస్తారట. కాలు విరిగితే తుపాకీతో కాలుస్తారు. విరగకపోతే మన బావలాంటి వాళ్ళ చేతికి వస్తుంది. ఈ రెంటిలో ఏది నయమో నువ్వే చెప్పు.

మూగజీవాలను హింసిస్తే శిక్ష వేయాలని పంతొమ్మిదివందల అరవైలోనే ఈ దేశంలో చట్టం వచ్చింది. నేను పుట్టకముందే! ఆదోని టేషను దగ్గర ఒక్క జట్కావాడికైనా ఆ సంగతి తెలుసా? బావకు ఈ జాబు చదివి వినిపించు. ముగ్గురికి మించి ఎక్కించుకోవద్దు. చర్నాకోల తీసి పొయ్యిలో పెట్టమను. నోరులేని దానికి మనమే నోరు కావాలి.

నవ్వుతున్నావు కదూ? నవ్వు. లోకంలో ప్రతి మంచిపనినీ ముందు నవ్వే పలకరించింది.

తమ్ముడు,
ఉరుకుందు.

*

ఆదోని,
19-11-1983. కార్తీక మాసం.

తమ్ముడు ఉరుకుందుకు,

సదివి వినిపించినా. మీ బావకు అచ్చరం రాకపోయినా మాట పడనీడు గదా. "మీ తమ్మున్ని వచ్చి ఒక్క దినం పగ్గాలు పట్టమను. ముగ్గురికి మించి వద్దంటే నాలుగోవాడు ఆటో ఎక్కుతాడు. వాని ఎనక ఆ ముగ్గురూ ఎక్కుతారు" అన్నాడు. నిజమే అప్పా. ఆదోనిలో మూడు ఆటోలు దిగినాయి. టేషను కాడ జట్కాలోళ్ళు పొద్దుగూకులు ఈగలు తోలుకుంటాండారు.

చర్నాకోల మాత్రం సుక్క మీద ఎత్తడులే. ఎత్తే పని లేదు. గంట సప్పుడు వినపడితే సాలు. నిన్న మన వీధిలో పూజకు గంట కొడితే పలుపు తెంపుకోనింది. నేను పోయి మెడ పట్టుకోని, "ఏం లేదు తల్లీ, సామికి హారతి" అంటే నిలబడింది. నా మాట వింటాది. నీ మాదిరి కాదు.

ఇన్లాండు కాగితంలో సోటు అయిపోయింది. మడత లోపల రాస్తాండా, సదువు.

(మడత లోపల)

దాని మేత సంగతి. మనం ఎద్దులను సాకిన మాదిరి సాకగూడదంట. పచ్చిగడ్డి, ఎండుగడ్డి ఎంతైనా తినొచ్చు. ఉలవలు నానబెట్టి పూటకు రెండు దోసిళ్ళే. అలిసినప్పుడు అదీ లేదు, ఉత్త గడ్డి, కొంచెం కొంచెం నీళ్ళు. పక్కింటి ఉచ్చీరమ్మ పాపం, బక్కగా ఉందని ఎద్దుకు పెట్టే పత్తిగింజలు తట్టనిండా నానబెట్టి తెచ్చింది. మీ బావ తట్టను కాలితో తన్నినాడు. గుర్రం కక్కలేదంట. ఎద్దు మాదిరి నెమరు వెయ్యలేదంట. లోపలికి పోయింది లోపల్నే ఉబ్బి పేగు మెలేసుకుంటాదంట. ఆమె ఏడ్చుకుంటా పోయింది. ఇదంతా నీకెందుకంటే, నీ పదారు పేజీల్లో ఇది ఉందో లేదో సూడు.

తిప్పమ్మ.

*

ఎమ్మిగనూరు,
26-2-1984.

అక్కా,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టవద్దు. నీ జాబు అప్పుడే వచ్చింది. పని ఒత్తిడిలో పైన పైన చూశాను. గడ్డీ గాదం ముచ్చట్లు తీరిగ్గా చదువుకుంటానులే. ఇప్పుడు అంతకన్నా పెద్ద సంగతి.

ఈ ఉదయం శ్రీపాదరావుగారు నా చేతికి ఒక కాగితం ఇచ్చి, "వెయ్యి కాపీలు, ఎర్రసిరా" అన్నారు. ఉగాది నాడు గుర్రబ్బండ్ల పందెం. ఆదోని రోడ్డులో పదో కిలోమీటరు రాయి నుంచి ఎమ్మిగనూరు పొలిమేర దాకా. నడిపించేది రంగనాయకులు శెట్టి. పాల్గొనే వాళ్ళ పేర్లు పేరుస్తూ వచ్చాను. నాలుగో పేరు బజారి బావది. చెయ్యి ఆగిపోయింది. "ఆదోని జట్కా బజారి, బెంగుళూరు రేసుగుర్రం."

నువ్వు నాకు ఒక్క మాట చెప్పలేదు.

నేను పేర్చనన్నాను. శ్రీపాదరావుగారు కళ్ళజోడు పైకెత్తి, "నాయనా, నువ్వు పేర్చకుంటే నేను పేరుస్తాను. పందెం జరుగుతుంది. నీ పూట జరగదు" అన్నారు. పేర్చాను అక్కా. ఈ చేతులతో బావ పేరు ఎర్రసిరాలో వెయ్యిసార్లు కొట్టాను. అందుకే మరింత మండుతోంది.

ఆ కాలితో అది పది కిలోమీటర్లు పరిగెత్తుతుందా? నిజం రాయి. లేకపోతే నేను సబ్ ఇన్‌స్పెక్టరుకు అర్జీ పెడతాను. బావ అని చూడను.

ఉరుకుందు.

*

ఆదోని,
6-3-1984.

తమ్ముడూ,

సెప్పలేదు. నీకు కోపం ముందు, నువ్వు ఎనక. అందుకే సెప్పలేదు.

గుర్రాన్ని తెచ్చిచ్చిన దినమే శెట్టి మాట తీసుకున్నాడంట. ఉగాదికి పరిగెత్తించాల్నని. గెలిస్తే తన కొత్త ఆటో మీ బావ చేతికిచ్చి నడుపుకోమంటాడు. ఆటో పైన శెట్టి మిల్లు పేరు ఉంటాది. ఈ జట్కా ఇంకో ఏడాది తిరగదురా. తిరగకుంటే మేము ఏం తినాల? గుర్రం కోసం ఏడ్సేవాడివి, మా కోసం ఒక్క కరపత్రం ఏయించు సూస్తాం.

కాలు బాగలేదు. రోజూ ఏదో నూనె పూసి గుడ్డ సుడతాడు. పూసినాక కాలు తిమ్మిరెక్కి నొప్పి తెలీదంట. అది మంచిదో సెడ్డదో నాకు తెలీదు. ఇంకొకటి చేసినాడు. రాసేకి సిగ్గుగా ఉంది. బండి సక్రానికి గంట కట్టినాడు. సక్రం తిరిగితే గంట మోగుతాది. అది నిలబడితే గంట నిలబడతాది. ఆ సంగతి మనకు తెలుసు. దానికి తెలీదు. తన పరుగే తనను తరుముతాండాదని దానికి ఎవరు సెప్తారు?

నేను గంట ఇప్పి బాయిలో ఏసినా. కొత్తది తెచ్చుకున్నాడు. నన్ను కొట్టలేదు. కంచంలో అన్నం పెట్టుకోని తినకుండా సూస్తా కూసున్నాడు.

పోలీసులకు రాయొద్దు. నీ అక్క మొగుడు టేషన్లో కూసుంటే సుక్క కాలు నయం కాదు. నేను ఇంకా సెప్పి సూస్తా.

తిప్పమ్మ.

*

ఎమ్మిగనూరు,
20-3-1984.

అక్కా,

నీ జాబు అందేసరికి ఆలస్యమైంది. అర్జీ పెట్టేశాను. సబ్ ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివి, "గుర్రం సంతకం ఏదప్పా?" అన్నాడు. కానిస్టేబుళ్ళంతా నవ్వారు. కాగితం మడిచి దాంతో విసురుకున్నాడు. ఈ రాజ్యంలో చట్టం విసనకర్రగా పనికొస్తుంది.

ఉగాది నాడు పొలిమేర దగ్గర నేనుంటాను. బావకు చెప్పు.

ఉరుకుందు.

*

ఆదోని,
4-4-1984.

ఉరుకుందుకు,

మీ బావ ఉగాది సాయంత్రం నడుసుకుంటా ఇంటికొచ్చినాడు. గుర్రం లేదు, బండి లేదు. సెంప మీద సెవి నుంచి గడ్డం దాకా వాత. "ఎవరు కొట్టినారు?" అంటే "పందెం" అన్నాడు. నీ పేరు సెప్పలేదు. ఎనక వచ్చిన జట్కావాళ్ళు సెప్పినారు. ఇంత మందిలో, మీ బావ సొంత చర్నాకోల లాక్కోని, ఆయన మొగం మీద కొట్టినావంట. నిన్ను ఎత్తుకోని తిరిగిన మొగం అది. సిన్నప్పుడు నువ్వు దాని మీసాలు పీకేటోనివి.

కొట్టినావు. అయిపోయింది. సుక్క యాడుంది? పడిపోయిందని, నువ్వే పదిమందిని పిలిచి లేపి యాడికో తోలకపోయినావని అన్నారు. "వాడే పెట్టుకోనీ, నాకు దాని కండ్లల్లో సూసే మొగం లేదు" అని మీ బావ అన్నాడు.

నీకు గుర్రం సంగతి తెలీదు. ఏం పెట్టాల్నో, ఏం పెట్టగూడదో కార్తీక మాసం జాబులో మడత లోపల అంతా రాసినా. తీసి సూసుకో. ఉలవలు ఏరి పెట్టినా. గుడ్డలో కట్టుకోని మంగళవారం బస్సుకు వస్తా. నా గొంతు వింటే అది లేస్తాది. అంతదాకా సూసుకో నాయనా. నీ మీద కోపమంతా నాకు అప్పుడు గుర్తు సెయ్యి.

తిప్పమ్మ.

*

ఎమ్మిగనూరు,
7-4-1984. (కార్డు)

అక్కకు,

రావద్దు. చుక్క మొన్న మధ్యాహ్నం చనిపోయింది. దాన్ని పందెం చంపింది. శెట్టి చంపాడు, బావ చంపాడు. ఊరుకునేది లేదు. నా సొంత ఖర్చుతో కరపత్రం వేశాను. వేరే కవరులో పంపుతున్నాను. మూడు ఊళ్ళలో పంచాను. ఆదోని టేషను దగ్గర కూడా.

ఉరుకుందు.

*

ఆదోని,
25-4-1984.

తమ్ముడూ,

నీ కరపత్రం అందింది. "పందెం చంపిన గుర్రం" అని పైన లావు అచ్చరాలు. బాగుంది. తప్పుల్లేవు. నీ కార్డు వచ్చినప్పుడే సుక్క పోయిందని మీ బావకు సెప్పినా, ఎట్ల పోయిందో సెప్పలేదు. నేను సదవకముందే టేషను కాడ ఎవరో కరపత్రం సదివి వినిపించినారు. ఇనేసి ఆడనే జట్కాలోళ్ళ అరుగు మీద కూసున్నాడంట. మాపటికి గాని లేవలేదు.

ఈ పొద్దుకు ఇరవై దినాలు. శెట్టి ఆటో తాళంచెవి పంపినాడు, గెలిచింది గదా. గూట్లో పడుంది. ముట్టలేదు. నిన్న టేషను కాడ ఒకడు గుర్రాన్ని బాదుతాంటే పోయి మధ్యలో నిలబడినాడు. వాడు "నువ్వా నాకు సెప్పేది? గుర్రాన్ని సంపినోనివి" అన్నాడు. ఇంటికొచ్చి గోడకు తల కొట్టుకున్నాడు. నెత్తురొచ్చింది. తెల్లారకముందే లేస్తాడు. ఉలవలు నానబెడతాడు. ఎవరికని అడగలేను. పొద్దెక్కినాక అవి తీసి ఉచ్చీరమ్మ మేకలకు పోస్తా.

నాకు భయంగా ఉందిరా. నిన్న బాయికాడ శానాసేపు నిలబడినాడు.

మొన్న సంతకు మీ ఊరి నుంచి ఒకామె వచ్చింది. కాలు విరగలేదంట గదా, డాక్టరు కట్టు కట్టి బతుకుతాదన్నాడంట గదా. కరపత్రంలో అది లేదు.

ఒక్క మాట అడుగుతా. అది పోయేముందు ఏమన్నా తినిందా?

తిప్పమ్మ.

*

ఎమ్మిగనూరు,
2-5-1984.

అక్కా,

తినింది. నేనే పెట్టినాను.

ఈ జాబు నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది చింపను. ఉగాది నాడు పొలిమేర గీత దగ్గర నిలబడ్డాను. అన్నిటికన్నా ముందు చుక్క వచ్చింది. బావ కొట్టలేదు. చర్నాకోల బండి పక్క గూటిలోనే ఉంది. పగ్గాలు రెండు చేతులా వెనక్కి లాగుతున్నాడు. గీత దాటింది. జనం ఈలలు. అది ఆగలేదు. చక్రం తిరుగుతోంది, గంట మోగుతోంది, అది పరిగెత్తుతోంది. బావ "నిలబడు తల్లీ, అయిపోయింది, నిలబడు" అని ఏడుస్తున్నాడు. నేను చెవులారా విన్నాను. కరపత్రంలో రాయలేదు. ఫర్లాంగు అవతల కూలబడింది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి బావ గంటను రాయితో పగలగొడుతున్నాడు. అప్పుడు కొట్టాను. నాకు కొట్టడానికి ఎవరో కావాలి, ఆయన దగ్గరగా ఉన్నాడు.

మా వీధి హనుమంతరాయుడి ఎద్దుల కొట్టంలోకి తోలుకొచ్చాం. పశువుల డాక్టరు వచ్చి, నరం తెగింది, ఎముక బాగుంది, ఆరునెలలు నిలబెట్టి మేపితే బతుకుతుందన్నాడు. నాకు పట్టరాని గర్వం. ప్రపంచంలో ఒక్క ప్రాణిని నేను గెలుచుకున్నాననుకున్నాను. దాని పక్కటెముకలు లెక్కపెట్టాను. మన సీమలో అలిసివచ్చిన ఎద్దుకు ఏ మర్యాద చేస్తాం? అదే చేశాను. హనుమంతరాయుడి దగ్గర పత్తిగింజలు అడిగి తట్టెడు నానబెట్టి, వేరుశెనగ బుడ్డల చెక్క కలిపి ముందు పెట్టాను. ఆయన "గుర్రానికి పెడతారా అప్పా?" అని కూడా అన్నాడు. "ఆకలికి ఎద్దేంది, గుర్రమేంది" అన్నాను. అది ఆశగా తినింది. ఖాళీ చేసి నా చెయ్యి నాకింది. సాయంత్రం ఇంకో తట్ట పెట్టాను.

మర్నాడు పొద్దున చూస్తే తన పొట్టవైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది. పడుకుంటుంది, దొర్లుతుంది, లేస్తుంది. చెమట కారి నేల తడిసింది. డాక్టరు మళ్ళీ వచ్చి, "ఏం పెట్టినావు?" అని అడిగాడు. హనుమంతరాయుడు సంతకు పోయినాడు. నేను డాక్టరు మొహం చూసి, "గడ్డి" అన్నాను. గడ్డి అన్నాను అక్కా. ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. పదహారు పేజీలు కంఠతా వచ్చినవాణ్ణి, పత్తిగింజలు పెట్టానని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన పరుగు వల్ల వచ్చిన నొప్పేమోనని సూది వేసి వెళ్ళాడు. నిజం చెప్పి ఉంటే ఏం చేసేవాడో అడగలేదు. అడగను కూడా.

ఐదో తారీకు మధ్యాహ్నం అది కదలకుండా పడుకుంది. నొప్పి తగ్గిందనుకున్నాను. ఆ వేళకు పక్క బడిలో గంట కొట్టారు. తల ఎత్తింది. ముందుకాళ్ళు చాపి, ఆ తెగిన నరం మీద బరువు వేసి లేవబోయింది. సగం లేచింది. "వద్దు చుక్కా, ఏం లేదు" అన్నాను. నా గొంతు దానికి తెలియదు కదా. అట్లే పక్కకు ఒరిగింది.

ఆరో తారీకు నీ జాబు వచ్చింది. కార్తీక మాసం జాబు తీశాను. మడత లోపలి భాగం అంటించినట్టే ఉంది. నేను విప్పనేలేదు. విప్పి చదివాను. మర్నాడు నీకు ఆ కార్డు రాశాను.

కరపత్రం ఎక్కడెక్కడో తిరుగుతోంది. కర్నూలు నుంచి ఒక లాయరు మెచ్చుకుంటూ రాశాడు. వచ్చే ఏడు పందెం ఉండదని శెట్టే అన్నాడట. పందెం పాపం కాదని నేనిప్పటికీ అనను. గంట కట్టినవాడి తప్పు గంట కట్టినవాడిదే. కానీ బావ మోస్తున్నదాంట్లో నాది ఉంది.

ఈ జాబు బావకు చదివి వినిపించు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఉరుకుందు.

*

ఆదోని,
6-5-1984.

ఉరుకుందూ,

సదివి వినిపించలేదు. వినిపించను.

నీ జాబులన్నీ మీ బావకు నా గొంతుతోనే పోయినాయి. తిట్లు కూడా నా నోటితోనే తిట్టినావు. ఇంక సాలు. ఇది నీ నోటితో సెప్పు. గురువారం పొద్దున మొదటి బస్సుకు రా. నేను తలుపు కాడనే ఉంటా. ఆయన్ను ఆ దినం దాకా బాయికాడికి పోనీను, అంతమటుకు నేను సూసుకుంటా.

వాత ఇంకా మానలేదు. సూస్తావు.

కరపత్రాలు తేవద్దు. నువ్వు ఇప్పుడు రాసిన ఈ జాబు కూడా నేను తీసి పెడతాలే. కార్తీక మాసం జాబు తీసుకోని రా. మీ బావ ముందర కూసోని, మడత ఇప్పి, అది సదువు. మొదటి నుంచి. యాడా వదలకుండా.

తిప్పమ్మ.